జపాన్ సినిమాల్లో హీరోకి డ్యూటీ ఉంటుంది

మన సినిమాల్లో హీరో ఏం పని చేస్తాడని అడిగితే చాలాసార్లు తడుముకోవాలి. సాఫ్ట్‌వేర్ అంటారు, అతను సిస్టమ్ ముందు కూర్చున్న సీన్ ఒక్కటీ గుర్తు రాదు. ఈమధ్య జపాన్ సినిమాలు వరసపెట్టి చూస్తుంటే ముందు తట్టింది ఇదే. ఏ జానర్ అయినా అక్కడ మనిషి తన పని చేసుకుంటూ కనిపిస్తాడు, కథ ఆ పనిలోంచే పుడుతుంది.

‘పర్ఫెక్ట్ డేస్’ (2023) తీసింది జర్మన్ దర్శకుడు విమ్ వెండర్సే అయినా, జపాన్ ఆస్కార్‌కి పంపింది దీన్నే. అందులో కోజీ యకుషో టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు కడుగుతాడు. ఎవరి కంటా పడని అడుగుభాగంలో మరక మిగిలిందేమోనని చిన్న అద్దం పెట్టి మరీ చూస్తాడు. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద ఎలివేషన్ లేదు!

అబ్బే, మాకు యాక్షన్ కావాలంటే ‘గాడ్జిల్లా మైనస్ వన్’ ఉంది. 2024లో విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ కొట్టింది. ఇందులో హీరో యుద్ధంలో ఆత్మాహుతి దాడికి వెళ్లకుండా తప్పించుకున్న పైలట్, యుద్ధం అయ్యాక పొట్టకూటికి సముద్రంలో మందుపాతరలు ఏరే పనిలో చేరతాడు. ఆ మైన్లు ఇనుముకి స్పందిస్తాయి కాబట్టి వీళ్లకిచ్చింది ఓ డొక్కు చెక్క పడవ. గాడ్జిల్లా వెంటపడేది ఆ పడవనే, నాకైతే గ్రాఫిక్స్ కంటే ఆ పడవ చూస్తేనే టెన్షన్ వచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చింది మాత్రం హమగుచి తీసిన ‘ఈవిల్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’. టోక్యో కంపెనీ ఒకటి కొండ ఊళ్లో టూరిస్టు క్యాంపు పెడతామని వస్తుంది. ఊరివాళ్లతో మీటింగ్. గొడవంతా సెప్టిక్ ట్యాంక్ మీదే: ఎక్కడ పెడతారు, ఎంతమందికి సరిపోతుంది, మా బావి నీళ్ల సంగతేంటి? ఒక కుర్రాడు తప్ప ఎవరూ గొంతు పెంచరు, అయినా కంపెనీవాళ్లకి ముచ్చెమటలు పడతాయి. మన గ్రామసభల్లో కూర్చున్నవాళ్లకి ఆ సీన్ ఇంకా బాగా ఎక్కుతుంది. క్లైమాక్స్ నాకు సగమే అర్థమైంది, అయినా రెండుసార్లు చూశా.

‘ప్లాన్ 75’ (2022) మాత్రం అమ్మానాన్నలతో కలిసి చూడకండి. డెబ్బై అయిదు దాటినవాళ్లు కోరుకుంటే ప్రభుత్వమే చావుకి ఏర్పాట్లు చేసే ఊహాజనిత జపాన్ అది. హోటల్ గదులు ఊడ్చే ముసలామెకి ఉన్న ఉద్యోగం పోయి, ఆ ఫారం నింపుతుంది. ఫోన్‌లో ఆమెకి ధైర్యం చెప్పే అమ్మాయి ఒకరుంటుంది. ఆమెదీ ఉద్యోగమే, కాల్‌కి పదిహేను నిమిషాలు.