టవర్ లెక్కలు సరే, యాంటెన్నా ఎటు చూస్తోంది?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు సిగ్నల్ గురించి మాటొస్తే మన తెలుగువాళ్లు అడిగేది ఒక్కటే: మా దగ్గరో టవర్ వేయించండి. అర్జీల్లో అదే, ఎన్నికల హామీల్లోనూ అదే. టవర్లు రావడం లేదని కాదు. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం రూ.26,316 కోట్లు ఆమోదించింది. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబర్ 27న ప్రధాని ప్రారంభించింది ఒడిశాలోని ఝార్సుగుడ నుంచే. అయినా కొండ మీది ఊళ్లలో ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి చూరుకు వేలాడదీసి, హాట్‌స్పాట్ పెట్టి, కింద ఇంకో ఫోన్‌తో పని కానిచ్చుకునే ఇళ్లున్నాయి. పైనున్న ఆ ఫోన్ జానెడు పక్కకు జరిగితే నెట్ పోతుంది. ఎదురుగా టవర్ మాత్రం కంటికి కనిపిస్తూనే ఉంటుంది.

ఇందులో వింతేమీ లేదు. టవర్ అంటే ఉత్త ఇనుప నిర్మాణం. అసలు పని చేసేవి దాని పైభాగాన నిలువుగా బిగించిన పొడవాటి పెట్టెలు, అంటే సెక్టార్ యాంటెన్నాలు. సాధారణంగా మూడు దిక్కులకు మూడు ఉంటాయి. ఒక్కోదాని నుంచి వచ్చే రేడియో పుంజం అడ్డంగా 65 డిగ్రీల వరకు విచ్చుకుంటుంది కానీ, నిలువుగా మాత్రం చాలా సన్నం, 6 నుంచి 10 డిగ్రీలే. టార్చిలైటు వెలుగును బిగిస్తే దూరం పోయినట్టు, బలాన్ని ఇలా సన్నని పుంజంలోకి కుదించడం వల్లే సిగ్నల్ కిలోమీటర్ల కొద్దీ వెళ్తుంది. దాన్ని మళ్లీ కొన్ని డిగ్రీలు నేల వైపు వంచుతారు. ఆ వంపునే టిల్ట్ అంటారు.

మైదానానికి ఇది చక్కటి ఏర్పాటు. కొండల్లో ఇదే ఊళ్లను వదిలేస్తుంది. లోయలో రోడ్డు పక్కన టవర్, రెండు కిలోమీటర్ల దూరంలో యాంటెన్నా కంటే 300 మీటర్ల ఎత్తున ఒక ఊరు ఉన్నాయనుకుందాం. లెక్క కడితే, యాంటెన్నా నుంచి చూసినప్పుడు ఆ ఊరు ఎనిమిదిన్నర డిగ్రీలు పైకి ఉంటుంది. పుంజం మధ్యభాగమేమో రెండు డిగ్రీలు కిందికి చూస్తోంది. మధ్యలో చెట్టూ పుట్టా అడ్డం లేకపోయినా ఊరికి చేరేది అరకొర సిగ్నలే. ఇక్కడ కావలసింది రెండో టవర్ కాదు. ఆ వైపు సెక్టార్‌ను పైకి ఎత్తాలి, లేదా నిలువుగా ఎక్కువ విచ్చుకునే పొట్టి యాంటెన్నా పెట్టాలి. పొట్టిదానికి దూరం తగ్గే మాట నిజమే, కానీ అవతల ఎలాగూ కొండే అడ్డు కదా! చాలా కొత్త యాంటెన్నాల్లో టిల్ట్‌ను టవర్ ఎక్కకుండా ఆఫీసులో కూర్చునే మార్చవచ్చు.

బ్యాండ్, అంటే సిగ్నల్ ఏ ఫ్రీక్వెన్సీలో వస్తోందన్న సంగతీ అడగాలి. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు, 3500 మెగాహెర్ట్జ్‌ది 9 సెంటీమీటర్లు కూడా ఉండదు. పొడవైన తరంగం గుట్ట అంచున కొంత వంగుతుంది, ఆకుల్లోంచీ బాగా దూరుతుంది. కాబట్టి మన కొండలకు 5జీ వచ్చిందా అన్నదానికంటే ఏ బ్యాండ్‌లో వచ్చిందన్నదే ముఖ్యం.

ఫోన్‌లో రెండు సిగ్నల్ గీతలు కనిపిస్తాయి, కాల్ మాత్రం కలవదు. ఈ బాధ అందరికీ తెలిసిందే. టవర్ పదుల వాట్లతో పలుకుతుంది, మన ఫోన్ శక్తి 0.2 వాట్. అటు నుంచి ఇటు వినిపిస్తుంది, ఇటు నుంచి అటు వినపడదు. పురిటి నొప్పులప్పుడు 108కి చేసే కాల్ ఆగిపోయేది ఇక్కడే. యాంటెన్నా గొప్పతనం ఏమిటంటే పంపేటప్పుడూ అందుకునేటప్పుడూ ఒకేలా సాయపడుతుంది. 1926లో జపాన్‌లో ఉడా, యాగి రూపొందించిన యాంటెన్నా మనకు కొత్తది కాదు. దూరదర్శన్ రోజుల్లో ఇళ్ల మీద కనిపించిన అల్యూమినియం కడ్డీల యాంటెన్నా అదే. 4జీ బ్యాండ్‌కు తగ్గ కొలతలతో చేసిన యాగిని టవర్ వైపు తిప్పి, సిమ్ వేసే రౌటర్‌కు కలిపితే రెండు వైపులా లాభమే. కేబుల్ మాత్రం మంచిది కావాలి. సన్న కేబుల్ అయితే ఆరేడు మీటర్లలోనే సగం బలం ఆవిరైపోతుంది. ఈ-పాస్ యంత్రం పట్టుకుని సిగ్నల్ కోసం వెతుక్కునే రేషన్ డీలర్‌కు, బడికి, ఆరోగ్య ఉపకేంద్రానికి ప్రభుత్వమే ఇలాంటి సెట్ బిగించి ఇవ్వాలి. టవర్ ఖర్చుతో పోలిస్తే ఇదో ఖర్చే కాదు. బజారులో దొరికే అనుమతి లేని బూస్టర్ల జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. అవి చట్టవిరుద్ధం, పైగా టవర్‌కే అంతరాయం కలిగించి చుట్టుపక్కల అందరి కాల్స్‌నూ పాడుచేస్తాయి.

సరిహద్దు వల్ల ఇంకో చిక్కుంది. టెలికాం లెక్కలో ఒడిశా ఒక సర్కిల్ (సేవా ప్రాంతం), ఆంధ్రప్రదేశ్ మరో సర్కిల్. ఒక సర్కిల్ సిగ్నల్ రెండోదానిలోకి పొంగి అంతరాయం కలిగించకూడదు కాబట్టి, సరిహద్దు గీత దగ్గర యాంటెన్నాల దిక్కు, వంపు ఆ జాగ్రత్తతో పెడతారు. ఇటు పర్లాకిమిడి, అటు ఆంధ్రాలోని పాతపట్నం మనుషులకు సంతలు, చుట్టరికాలు, ఆసుపత్రులు అన్నీ కలిసే ఉన్నాయి. రెండు సర్కిళ్ల ఇంజనీర్లు కలిసి కూర్చుని ప్లాన్ చేయకపోతే నష్టపోయేది గీత మీది ఊళ్లే.

2024 నిబంధనల్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, కంపెనీల కవరేజీ మ్యాపులను జనం ముందు పెట్టమంది. మంచి నిర్ణయం. కానీ సిగ్నల్ నిజంగా ఉందో లేదో చూసే డ్రైవ్ టెస్ట్ అంటే వాహనంలో తిరుగుతూ కొలవడం, అంటే రోడ్డున్న చోట మాత్రమే. రాయగడ, గజపతి జిల్లాల్లో కొలిచే మనిషి వాహనం దిగి, నడిచి పై ఊరికి వెళ్లాలి. అక్కడి ఇంటి లోపల నిలబడి, బయటికి కాల్ చేసి చూడాలి. ఆ కాల్ కలిసిన తర్వాతే టవర్ కట్టిన కాంట్రాక్టర్‌కు చివరి బిల్లు చెల్లించాలి.