బిడ్డ నొప్పికి కేస్ షీట్‌లో చోటేది?

హైవే మీద బండి గుద్దినా, వంటింట్లో వేడి గంజి ఒలికినా, గాయం పెద్దదైతే మన పిల్లలు చేరేది నెల్లూరు పెద్దాసుపత్రికో, ఒంగోలుకో. అక్కడి మంచాల కొరత గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నా గొడవ వేరు. జ్వరమెంతో రాస్తారు, నాడి ఎంతో రాస్తారు, నొప్పి ఎంతో మాత్రం రాయరు.

కాలిన గాయానికి కట్టు మార్చడం చూశారా? ఎండి అతుక్కుపోయిన గాజుగుడ్డను సెలైన్‌తో తడిపి కాసేపు ఆగితే మెల్లగా ఊడొస్తుంది. ఆ కాసేపే దొరకదు. తల్లిని బయటికి పంపేసి, ఇద్దరు కాళ్లూ చేతులూ అదిమి పడతారు. పైగా "మగపిల్లోడివి, ఏడుస్తావేంది అబ్బయ్యా" అని ఓదార్పొకటి! నొప్పి మందు అంతకు అరగంట ముందే పడి ఉండాలి. పడిందా అని అడిగే నాథుడుండడు.

పడినా సరిపడా పడదు. పారాసిటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు. అంటే 12 కిలోల బిడ్డకు 180. సిరప్‌లేమో 5 మి.లీ.కి 120 ఉండేదొకటి, 250 ఉండేదొకటి. మొదటిదైతే ఏడున్నర మి.లీ. పట్టాలి, రెండోది నాలుగు కూడా అక్కర్లేదు. సీసా చూడకుండా "ఒక మూత పట్టమ్మా" అంటే అది వైద్యమెట్లా అవుతుంది?

తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ ఇస్తే ఊపిరి ఆగుతుందనీ, అలవాటు పడతారనీ భయపెడతారు. మోతాదు మించితే ప్రమాదమే, కాదనను. అందుకే ఊపిరి లెక్కపెడుతూ ఇవ్వాలి, విరుగుడుగా నాలోక్సోన్ పక్కనుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల అత్యవసర మందుల జాబితాలోనే మార్ఫిన్ ఉంది. ఇలాంటి మందులు ఆసుపత్రులకు తేలిగ్గా అందాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. పసికందులకు నొప్పి తెలియదన్న నమ్మకంతో సరైన మత్తు లేకుండానే కోతలు కోసిన రోజులున్నాయి. 1987లో వైద్యులు ఆనంద్, హికీల వ్యాసం ఆ నమ్మకాన్ని గట్టిగా దెబ్బకొట్టింది. మన వార్డులదాకా ఆ కబురు ఇంకా పూర్తిగా రాలేదు.

అసలు సంగతి సిస్టర్ల దగ్గరుంది. మాటలు రాని బిడ్డ ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం చూసి పదికి నొప్పెంతో తేల్చే 'ఫ్లాక్' కొలత ఉంది. నిమిషాల పని. రాత్రంతా మంచం పక్కన మసిలేది సిస్టరే, నొప్పి ముందు కనబడేదీ ఆమెకే. కానీ చుక్క మందు పోయాలన్నా డ్యూటీ డాక్టరు నిద్రలేవాలి! నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివిన మనిషిని మన వ్యవస్థ ట్రే మోసే మనిషిగానే చూస్తుంది. టీచరు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా... ఆడవాళ్లు ఎక్కువున్న ప్రతి కొలువులోనూ ఇదే తంతు: చాకిరీ వాళ్లది, సంతకం ఇంకొకరిది.

బరువు చూసి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ ఇచ్చే అధికారం సిస్టర్లకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఎవరికి ఇవ్వకూడదో, ఎప్పుడు డాక్టరును లేపాలో అందులోనే రాయండి. మార్ఫిన్‌కు డాక్టరు సంతకం ఎట్లాగూ తప్పదు.