వాసాలు లెక్కపెట్టడమే ఉద్యోగమైతే

తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని మన భాషలో ఒక తిట్టు ఉంది. అకౌంట్స్‌లో పనిచేసేవాడికి జీతం ఇచ్చేదే ఆ వాసాలు లెక్కపెట్టమని. అందులో ఒకటి దొంగ వాసమని తేలితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. బయటపెట్టినవాడికి, అంటే ఇంగ్లిష్‌లో విజిల్‌బ్లోయర్‌కి, పత్రికలు ‘ప్రజావేగు’ అని పేరు పెట్టాయి. పేరు బాగానే ఉంది కానీ, అందులోనూ వేగు ఉండనే ఉన్నాడు.

ఒక కంపెనీని ఊహించుకుందాం. కన్సల్టెన్సీ పేరుతో ఒక సంస్థ దానికి నెలనెలా బిల్లు పంపుతోంది. జనవరి బిల్లు నంబరు 41. ఫిబ్రవరిది 42, మార్చిది 43. అంటే మూడు నెలల్లో ఆ సంస్థకు ఇంకో కస్టమర్ దొరకలేదన్నమాట. అడ్రస్ చూస్తే యజమాని బావమరిది ఇల్లు. ఏం సలహా ఇచ్చారో చెప్పే కాగితం ఒక్కటీ ఫైల్లో లేదు. ఖర్చు పెరిగింది, లాభం తగ్గింది, దాంతోపాటు పన్నూ తగ్గింది. పన్ను ఎగవేత చాలాసార్లు ఇంత చప్పగానే ఉంటుంది. బయటి నుంచి వచ్చిన అధికారికి అది వేల బిల్లుల్లో ఒకటి. నెలనెలా ఎంట్రీ వేసే మనిషికే ఆ వరస నంబర్లు కంట్లో పడతాయి. పన్ను శాఖలకు లోపలి మనిషి అవసరం అందుకే.

ఆ అవసరాన్ని అమెరికా డబ్బు రూపంలోనే ఒప్పుకుంది. 2006లో వచ్చిన చట్టంతో అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌లో విజిల్‌బ్లోయర్ల కోసం ప్రత్యేక కార్యాలయం పెట్టారు. వివాదంలో ఉన్న మొత్తం 20 లక్షల డాలర్లు దాటితే, వసూలైన దానిలో 15 నుంచి 30 శాతం దాకా సమాచారం ఇచ్చినవారికి దక్కుతుంది. అయితే, సమాచారం ఇచ్చినందుకు ఉద్యోగంలోంచి తీసేయకూడదనే రక్షణ మాత్రం 2019లో గానీ పన్ను చట్టంలోకి రాలేదు. మధ్యలో 13 ఏళ్లు! సర్కారుకు ఆ మనిషిలో ముందు కనిపించింది వసూలు. మర్నాడు పొద్దున అదే ఆఫీసుకు వెళ్లి అదే సీట్లో కూర్చోవాల్సినవాడని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. నా అభ్యంతరమంతా ఈ వరస మీదే.

పోనీ ఆ డబ్బైనా వెంటనే వస్తుందా అంటే, అదీ లేదు. రివార్డు కావాలంటే ఫారం 211 మీద పేరు రాసి, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని సంతకం పెట్టాలి. పేరు లేకుండా ఆకాశరామన్న ఉత్తరం రాయొచ్చు, దానికి రివార్డు ఉండదు. తనిఖీ జరగాలి, పన్ను కట్టాల్సినవారి అప్పీళ్లు అన్నీ అయిపోవాలి, డబ్బు ఖజానాకు చేరాలి. అప్పుడే వాటా. ఏళ్లు పడుతుంది, పదేళ్లు దాటిన సందర్భాలూ ఉన్నాయి. ఈలోగా కేసు ఎంతదాకా వచ్చిందని అడిగితే, అవతలివారి పన్ను వివరాలు గోప్యం కాబట్టి పెద్దగా చెప్పరు. ఆ టెన్షన్‌ను ఏ శాతంలో లెక్కగడతారు?

రివార్డు అనగానే అందరూ బ్రాడ్లీ బర్కెన్‌ఫెల్డ్ పేరే చెబుతారు. స్విస్ బ్యాంకు యూబీఎస్‌లో అమెరికన్ ఖాతాదారుల వ్యవహారాలు చూసిన మనిషి. ఒక క్లయింటు కోసం టూత్‌పేస్ట్ ట్యూబులో వజ్రాలు దాచి సరిహద్దు దాటించాడు. ఆయన ఇచ్చిన సమాచారం తోడై 2009లో ఆ బ్యాంకు 78 కోట్ల డాలర్లు కట్టింది. 2012లో ఆయనకు దక్కిన రివార్డు 10.4 కోట్ల డాలర్లు. అయితే అది అందేనాటికి ఆయన జైలు నుంచి బయటికొచ్చి కొన్ని వారాలే. బ్యాంకు గుట్టు చెప్పాడు గానీ, ఒక పెద్ద క్లయింటు విషయంలో తన పాత్ర దాచాడన్నది ప్రాసిక్యూషన్ వాదన. 40 నెలల శిక్ష పడింది. కోట్ల సంగతి వదిలేసి ఈ జైలు సంగతి చూడాలంటాను. మన అకౌంటెంట్ సంగతే తీసుకోండి. మార్చి దాకా అతనికి అనుమానమే. అంతా తెలిశాక కూడా ఏప్రిల్‌లో 44వ నంబరు బిల్లుకు ఎంట్రీ వేస్తే అతను సాక్షా, భాగస్వామా? అధికారి కంటే ముందు లాయర్‌ను కలవాలనేది ఇందుకే. కలిసినప్పుడు మొదట చెప్పాల్సింది యజమాని సంగతి కాదు, తాను పెట్టిన సంతకాల సంగతి.

కాగితాలు ఎలా చేతికొచ్చాయన్నదీ అంతే ముఖ్యం. ఉద్యోగంలో భాగంగా చూసిన ఫైలు వేరు, పక్కవాడి పాస్‌వర్డ్‌తో లాగిన ఫైలు వేరు. జెనీవాలోని హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు నుంచి ఖాతాల జాబితా పట్టుకొచ్చిన ఎర్వే ఫల్చానీ పన్ను ఎగవేతదారులను పట్టించే సాక్షిగా ఫ్రాన్స్, స్పెయిన్ అధికారులకు కావాల్సినవాడయ్యాడు. స్విట్జర్లాండ్ కోర్టు మాత్రం 2015లో, ఆయన హాజరుకాకుండానే, ఆర్థిక గూఢచర్యం కింద ఐదేళ్ల శిక్ష వేసింది.

ఇంకో చిక్కు ఉంది. చూడటానికి అన్యాయంగా ఉన్నదంతా నేరం కాదు. లక్సెంబర్గ్‌లో పెద్ద కంపెనీలు పన్ను శాఖతో ముందే ఒప్పందాలు చేసుకుని పన్ను బాగా తగ్గించుకున్నాయి, అదీ అక్కడి చట్టం ప్రకారమే. ఇలాంటి దాన్ని ఎగవేత అంటూ ఫిర్యాదు చేస్తే ఏ రివార్డు పథకమూ పనికిరాదు. అలాంటి కంపెనీల పన్ను వ్యవహారాలు చూసే ఆడిట్ సంస్థ ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్‌లో పనిచేసిన రఫాయెల్ హాలే అందుకే పన్ను శాఖకు కాకుండా ఒక విలేకరికి 16 పత్రాలు ఇచ్చాడు. ఉద్యోగం పోయింది. అక్కడి కోర్టు వెయ్యి యూరోల జరిమానా వేసింది. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు విస్తృత ధర్మాసనం అది భావప్రకటన హక్కుకు భంగమని తేల్చి, పరిహారంగా 15 వేల యూరోలు ఇప్పించింది. ఆయన పత్రాలు ఇచ్చింది 2012లో, ఆ తీర్పు వచ్చింది 2023లో.