పిల్లి విషయంలో ‘రేపు చూద్దాంలే’ వద్దు

‘పిల్లులు మొండి ప్రాణాలు, జబ్బు చేస్తే వాటంతట అవే తగ్గించుకుంటాయి’ అనే మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. పిల్లి జబ్బును తగ్గించుకోదు, దాచుకుంటుంది. నొప్పితో ఉన్నా గుర్రుమంటూ మన ఒళ్లో పడుకోగలదు. మనకు తేడా తెలిసేసరికి చాలాసార్లు పరిస్థితి ముదిరిపోయి ఉంటుంది.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది మగపిల్లులకు మూత్రం ఆగిపోవడం. వాటి మూత్రనాళం చాలా సన్నం. స్ఫటికాలో జిగురో అడ్డుపడిందంటే చుక్క కూడా బయటికి రాదు. మాటిమాటికీ లిట్టర్ ట్రే (మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టె)లోకి వెళ్తుంది, ముక్కుతుంది, అరుస్తుంది, కిందంతా నాక్కుంటూ ఉంటుంది. ఇంట్లోవాళ్లేమో మలబద్ధకం అనుకుని ఓ రోజు ఆగుతారు. ఈలోగా రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అర్ధరాత్రయినా సరే, డాక్టర్ దగ్గరికి బయల్దేరాల్సిందే. ట్రేలో తడి ఉందో లేదో రోజూ చూడండి, దయచేసి.

తిండి మానేస్తే ‘అలిగింది’ అంటారు. అలక కాదండీ. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరి, అదే పెద్ద జబ్బవుతుంది.

సొంత వైద్యం చేసేవాళ్ల మీద నా కోపం ఇంకా ఎక్కువ. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. ఒక్క మాత్ర చాలు చంపడానికి. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ పిడుదుల మందూ అంతే ప్రమాదం. ఇంట్లో లిల్లీ పూలు కూడా పెట్టకండి, వాటి పుప్పొడి నాకినా కిడ్నీలు దెబ్బతింటాయి.

వయసు మీదపడిన పిల్లి నీళ్లు ఎక్కువ తాగుతూ చిక్కిపోతుంటే ‘ముసలిదైంది’ అని సరిపెట్టుకోకండి. కిడ్నీ జబ్బు కావచ్చు, షుగర్ కావచ్చు. బాగా తింటూనే సన్నబడుతుంటే థైరాయిడ్ కూడా చూపించాలి. కిడ్నీల పనితీరు ముప్పావు వంతు పోయాక గానీ రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టే వ్యర్థం) స్పష్టంగా పెరగదు. అందుకే ఏడేళ్లు దాటాక, బాగానే కనిపిస్తున్నా, ఏటా పరీక్షలు చేయించాలంటాను.

ఎఫ్‌ఐపీ గురించి, అంటే పిల్లులకు కరోనా వైరస్ వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు గురించి కూడా చెప్పాలి. ఒకప్పుడు ఆ పేరు వింటే ఆశ వదులుకునేవాళ్లు. ఇప్పుడు జీఎస్-441524 అనే మందుతో ఎక్కువ పిల్లులు కోలుకుంటున్నాయి. పాత సమాచారంతో ఎవరైనా ‘ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చేద్దాం’ అంటే, ఒప్పుకునేముందు ఈ మందు గురించి గట్టిగా అడగండి.