విజయవాడ విస్తరణ: ముందు బుడమేరు సంగతి తేల్చండి

రామవరప్పాడు రింగ్ దాటి గన్నవరం వైపు వెళ్తుంటే విజయవాడ ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. ప్రసాదంపాడు, ఎనికేపాడు దాకా అపార్ట్‌మెంట్లు, కార్ల షోరూములు ఎడం లేకుండా ఉంటాయి. కాగితాల మీద మాత్రం ఇవి పంచాయతీలే. ఇటు బందరు రోడ్డులో ఆటోనగర్ దాటాక కానూరు, తాడిగడప, పోరంకి కూడా అంతే. యనమలకుదురుతో కలిపి వీటిని 2020 చివర్లో మున్సిపాలిటీ చేశారు. చుట్టుపక్కల ఊళ్లను కార్పొరేషన్‌లో కలిపి గ్రేటర్ విజయవాడ చేద్దామన్న మాట వచ్చినప్పుడల్లా ముందు వినిపించేవి ఈ పేర్లే.

నగరంతో అతుక్కుపోయిన ఈ ఊళ్లను కలపడం సబబేనని నా అభిప్రాయం. గన్నవరం నుంచి ఇబ్రహీంపట్నం దాకా, మధ్యలో వరి పొలాలున్న ఊళ్లతో సహా అన్నింటినీ చుట్టేద్దామంటే మాత్రం ఒప్పుకోలేను. పొలం పనుల మీద బతికే ఊరు కార్పొరేషన్‌లో కలిస్తే ఉపాధి హామీ పనులు పోతాయి, పంచాయతీకి నేరుగా వచ్చే ఆర్థిక సంఘం నిధులు ఆగుతాయి. వాటికి బదులు ఏమొస్తుందో ఎవరూ రాసి ఇవ్వడం లేదు.

విజయవాడ 1981లో కార్పొరేషన్ అయింది. 1985లో గుణదల, పటమట, భవానీపురం, పాయకాపురం, కుందావారి కండ్రిక వచ్చి కలిశాయి. ఆ తర్వాత హద్దు పెద్దగా జరగలేదు. పది లక్షలు దాటిన జనం ఇప్పటికీ 62 చదరపు కిలోమీటర్లలోనే సర్దుకుంటున్నారు. విస్తరణ కోరేవాళ్ల వాదనలో బలమంతా ఇక్కడే ఉంది, దాన్ని కాదనలేం.

కానీ అలా కలిసిన పాయకాపురం 2024 సెప్టెంబరులో ఎలా ఉందో గుర్తు చేసుకోవాలి. నగరం గుండా పారే బుడమేరు వాగు వరదను పక్కకు పంపే మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. జనం మేడల మీదకెక్కి పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం పడవల వైపు చేతులు చాపారు. అప్పటికి పాయకాపురం నగరంలో కలిసి 39 ఏళ్లు. పన్ను కట్టారు, ఓటేశారు, కార్పొరేటర్లను గెలిపించుకున్నారు. నీళ్లు బయటికి పోయే దారి మాత్రం సరిగ్గా ఏర్పడలేదు. రాష్ట్ర విభజన తర్వాత కేంద్రం ఇచ్చిన రూ.461 కోట్లతో మొదలుపెట్టిన వరద నీటి కాలువల పని మధ్యలోనే ఆగిపోయింది. గండ్లు పడితే ఆ కాలువలు ఒక్కటే ఊరిని కాపాడేవని నేను అనను. ఉన్న డివిజన్లకే పని పూర్తి చేయలేని వ్యవస్థ మీద కొత్త ఊళ్లను ఏ ధైర్యంతో వేస్తారన్నదే నా బాధ.

పైగా బుడమేరు నగరంతో ఆగదు. గుణదల దాటి రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికేపాడు మీదుగా కొల్లేరుకు పోతుంది. ఎనికేపాడు దగ్గర మరో కాలువ కింది నుంచి బుడమేరును దాటించే సొరంగం (యూటీ) గుండా ఎంత నీరు పోగలిగితే, పైన నగరం అంత ఊపిరి పీల్చుకుంటుంది. అక్కడ ఒడ్డు ఆక్రమించి ఇల్లు కడితే నష్టపోయేది సింగ్‌నగర్. ఇక్కడ పూడిక తీయకపోతే మునిగేది ప్రసాదంపాడు. ఈ ఊళ్లు నగరంలోకి రావాలనడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే. ఏరు మొత్తానికి బాధ్యత ఒకరి మీద ఉండాలి.

ఇక పన్ను. పట్టణాల్లో ఇంటి పన్నును ఇప్పుడు ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్న నిబంధన ఉంది, నిజమే. ఏటా ఆ 15 శాతం పడితే మాత్రం ఐదేళ్లలో పన్ను రెట్టింపవుతుంది. బోరు నీళ్లతో నెట్టుకొస్తూ, తాగడానికి క్యాన్లు కొనుక్కునే కుటుంబం ముందు కృష్ణా నీళ్ల కనెక్షన్ అడగడంలో తప్పేముంది?

అంతకన్నా నన్ను కలవరపెట్టేది అనకాపల్లి అనుభవం. అనకాపల్లి, భీమిలి 2013లో విశాఖ కార్పొరేషన్‌లో కలిశాయి. విశాఖకు 2007 తర్వాత మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లోనే. అంటే ఉన్న మున్సిపాలిటీ పోయాక, ఎనిమిదేళ్లు ఆ రెండు ఊళ్ల తరఫున కార్పొరేషన్‌లో మాట్లాడే ప్రతినిధే లేడు. వీధిలైటు వెలగకపోయినా అధికారి దయ కోసం చూడాల్సిందే. 2022లో అనకాపల్లి జిల్లా కేంద్రమైనా, పట్టణం మాత్రం విశాఖ కార్పొరేషన్‌లోనే ఉండిపోయింది. కానూరు, పోరంకిలకూ ఈ చిక్కు తప్పదు. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, అవి కృష్ణా జిల్లాలో ఉన్నాయి. రేపు మురుగు కాలువ మీద ఆక్రమణ తొలగించాలంటే కార్పొరేషన్ విజయవాడలో, కలెక్టరు మచిలీపట్నంలో. జిల్లా సంగతి తేల్చకుండా విలీనం జీవో ఇస్తే జనం రెండు ఊళ్లకూ తిరగాల్సి వస్తుంది.

జనగణన కోసం 2025 డిసెంబరు 31తో పాలనా సరిహద్దులు స్తంభించాయి. 2027 మార్చి దాకా హద్దులు కదిపే వీలు లేదు. ఈ వ్యవధిలో చేయాల్సిన పని చాలా ఉంది. ఏ ఊరికి ఏ ఏడాది నీళ్లు, డ్రైనేజీ వస్తాయో, పన్ను ఎంత పెరుగుతుందో రాసి గ్రామసభల ముందు పెట్టాలి. విలీనం జరిగిన ఆరు నెలల్లో ఎన్నికలు పెడతామని జీవోలోనే రాయాలి. ఎనికేపాడు యూటీ దగ్గర పని మాత్రం ఏ విలీనం కోసమూ ఆగక్కర్లేదు, వచ్చే వానలకు ముందే మొదలుపెట్టొచ్చు.