ఏడో నెలలో ఆ టీకా ఎవరి కోసం?

"కడుపుతో ఉన్న పిల్లకి ఈ సూదులెందుకు? పుట్టాక బిడ్డకే వేస్తారుగా!" గర్భిణికి కోరింత దగ్గు టీకా అనగానే పెద్దవాళ్లు ఈ మాట ప్రేమతోనే అంటారు. నాకు మాత్రం వినగానే టెన్షన్. ఎందుకంటే కోరింత దగ్గుకు బిడ్డకు మొదటి డోసు పడేది ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో. ఆ ఒక్కటీ సరిపోదు, ఇంకా డోసులు పడాలి. ప్రాణం మీదకు వచ్చేదేమో ఎక్కువగా ఆ మొదటి రెండు మూడు నెలల్లోనే.

పెద్ద పిల్లలైతే దగ్గి దగ్గి చివర్లో గట్టిగా ఊపిరి లాగుతారు, ఆ చప్పుడుతోనే జబ్బు తెలిసిపోతుంది. నెలల బిడ్డకు అంత దగ్గే రాకపోవచ్చు. జ్వరమూ పెద్దగా ఉండదు, జలుబే అనుకుంటాం. ఉన్నట్టుండి ఊపిరి ఆగుతుంది, పెదాలు నీలంగా మారతాయి.

టీకా పడేది తల్లి భుజానికి. రెండు వారాల్లో ఆమె రక్తంలో జబ్బుతో పోరాడే యాంటీబాడీలు బాగా పెరుగుతాయి. కడుపులోని మాయ వాటిని ఏరి మరీ బిడ్డకు పంపుతుంది. చివరి మూడు నెలల్లో ఈ పంపకం ఎంత జోరుగా సాగుతుందంటే, నెలలు నిండి పుట్టిన బిడ్డలో అవి తల్లిలో కంటే ఎక్కువే ఉండొచ్చు. అమెరికాలో 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకోమనేది అందుకే. "మొదటి కాన్పులో వేయించుకున్నాగా" అంటే కుదరదు. ఆ యాంటీబాడీలు త్వరగా తగ్గిపోతాయి, ప్రతి గర్భానికీ మళ్లీ వేయించుకోవాల్సిందే.

2012లో బ్రిటన్‌లో కోరింత దగ్గు విజృంభించి 14 మంది పసికందులు చనిపోయారు. ఆ అక్టోబరు నుంచి గర్భిణులకు టీకా మొదలుపెట్టారు. టీకా వేయించుకున్న తల్లుల బిడ్డల్లో, మూడు నెలల లోపు జబ్బు పదింట తొమ్మిది వంతులు తగ్గినట్టు తేలింది. టీకా వేయించుకున్న దాదాపు 20 వేల మంది గర్భిణుల రికార్డులు చూస్తే, కడుపులోనే బిడ్డ చనిపోయే ప్రమాదం పెరిగిన దాఖలా లేదు.

అసలు ఈ పద్ధతి మనకు కొత్తేం కాదు. పసికందుల ధనుర్వాతమే చూడండి. పుట్టిన రెండు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ, మూడో రోజో నాలుగో రోజో దవడ బిగుసుకుపోయి చప్పరించలేకపోవడం, ఒళ్లు విల్లులా వంగిపోవడం. ధనుర్వాతమన్న పేరే అక్కడిది. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు కలిసి దాన్ని తరిమాయి. 2015లో భారతదేశం నుంచి తల్లీబిడ్డల ధనుర్వాతం తొలగినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించింది. ఆ సూదికి అడ్డు చెప్పని ఇళ్లు ఈ సూదికి ఎందుకు బెదురుతాయో నాకు అర్థం కాదు. తప్పు ఇంటివాళ్లదే అననులెండి. ఒక కాగితం చేతికిచ్చి పంపేసే డాక్టర్లదీ ఉంది. "ఇది బిడ్డకు" అని ఒక్క మాట చెబితే సగం వాదన అక్కడే తీరుతుంది.

కాన్పులో తల్లి నుంచి బిడ్డకు సోకగల గ్రూప్ బి స్ట్రెప్ అనే ఇంకో బ్యాక్టీరియాకైతే ఇలాంటి టీకా ఇంకా ట్రయల్స్‌లోనే ఉంది. చాలాచోట్ల 36 వారాలప్పుడు స్వాబ్ టెస్ట్ చేసి, పాజిటివ్ వస్తే నొప్పులప్పుడు పెన్సిలిన్ ఎక్కిస్తారు. అది కాపాడేది పుట్టిన మొదటి వారమే. తర్వాత మూడు నెలల దాకా ఇన్ఫెక్షన్ రావచ్చు, తల్లికి నెగటివ్ వచ్చినా సరే. ఆ వయసు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు చూపిస్తే తెల్లారేదాకా ఆగకండి.