గుమ్మంలోనే తీర్పు

నైట్‌క్లబ్ బౌన్సర్‌కు కొందరిని ఆపే హక్కు ఉంది. తాగి తూలేవాడిని, గొడవకు దిగేవాడిని, వయసు రుజువు చూపలేనివాడిని ఆపాల్సిందే. లోపల కిక్కిరిసిపోతే ఎవరినైనా ఆపాల్సిందే. బెర్లిన్‌లోని బెర్ఘైన్ లాంటి క్లబ్బులో గంటలకొద్దీ క్యూలో నిలబెట్టి, కారణం చెప్పకుండా తల అడ్డంగా ఊపేస్తారు. స్థానికులకూ అదే మర్యాద కాబట్టి పర్యాటకుడు మరీ నొచ్చుకోనక్కర్లేదు.

మా అభ్యంతరం వేరు. పాస్‌పోర్ట్ చూడగానే 'ఇవాళ ప్రైవేట్ పార్టీ, గెస్ట్ లిస్ట్‌లో పేరుందా?' అంటారు. పక్కకు తప్పుకుని ఫోన్‌లో మరో చోటు వెతుక్కుంటుండగానే, వెనకున్న స్థానికులు ఏ లిస్టూ లేకుండా లోపలికి వెళ్లిపోతారు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో కొన్ని క్లబ్బులైతే ఈ ముసుగు కూడా లేకుండా విదేశీయులు రావద్దని చెప్పేశాయి. ఆ దేశంలో వివక్షను సమగ్రంగా నిషేధించే చట్టమే లేదు.

గతంలో విదేశీయులు గొడవ చేశారన్నది యజమానుల సమర్థన. జపాన్‌లోని ఒతారులో ఒక స్నానశాల కూడా రష్యన్ నావికుల ఆగడాలను చూపి విదేశీయులందరికీ తలుపులు మూసింది. జపాన్ పౌరసత్వం తీసుకున్న అమెరికా సంతతి వ్యక్తిని సైతం రానివ్వలేదు. అంటే చూసింది కాగితాలను కాదు, ముఖాన్ని. 2002లో సపోరో జిల్లా కోర్టు ముగ్గురు ఫిర్యాదుదారులకు తలా 10 లక్షల యెన్‌లు చెల్లించమంది. అయినా గొడవ చేసేవాడి సంగతి చూడటానికే కదా బౌన్సర్లున్నది!

ఆ ముగ్గురూ జపాన్‌లో ఉంటున్నవారు కాబట్టి పోరాడగలిగారు. ఎల్లుండి విమానం ఎక్కాల్సిన పర్యాటకుడు ఏ కోర్టు మెట్లెక్కుతాడు? ఈ సంగతి గుమ్మం దగ్గరివాళ్లకు బాగా తెలుసు. జర్మనీలో 2006 నాటి సమానత్వ చట్టం జాతి, మతం, వయసు, వైకల్యం వంటి కారణాలతో వివక్ష చూపొద్దంటుంది. ఆ జాబితాలో జాతీయత లేదు. 'రంగు చూసి కాదు, టూరిస్టులని ఆపాం' అని తప్పించుకోవడానికి ఆ సందు చాలు. పైగా పరిహారం రెండు నెలల్లోపే అడగాలి.

భారమంతా పర్యాటకుడి నెత్తిన వేయడం అన్యాయం. లైసెన్సులిచ్చే అధికారులే మామూలు కస్టమర్లలా మనుషులను పంపి పరీక్షించాలి. ఏ గుర్తింపు పత్రం చెల్లుతుందో, ఎవరిని ఎందుకు ఆపుతారో తలుపు మీద రాయించాలి. స్వదేశం చేరాక కూడా ఫిర్యాదు చేసే వీలుండాలి. ఆ రాత్రి నిజంగా ప్రైవేట్ పార్టీయే జరిగి ఉంటే బుకింగ్ కాగితం ఉంటుంది. లైసెన్సు రెన్యువల్‌కు వచ్చినప్పుడు దాన్ని చూపించమనాలి.